చిన్నకోడలి వంటగది

అరవై మూడేళ్ళు నిండినా ఆవిడ ఆ వీధికి చిన్నకోడలే. కాపురానికి వచ్చిన రోజున అత్తగారు పక్కింటివాళ్ళకు "ఇదుగో, మా చిన్నకోడలు" అని చూపించింది. ఆ మాట అక్కడే అతుక్కుపోయింది. ఆవిడకి కూతురు పుట్టింది, జుట్టు నెరిసింది, పళ్ళు రెండు ఊడాయి, అత్తగారు పోయి ఏళ్ళు గడిచాయి. అయినా పాలవాడు "చిన్నకోడలమ్మా, గిన్నె తెండి" అనే పిలిచేవాడు. పుట్టింటివాళ్ళు పెట్టిన పేరొకటి ఓటర్ల జాబితాలో ఉందన్న సంగతి ఐదేళ్ళకోసారి గుర్తుకొచ్చేది, అంతే.

వాళ్ళ ఇల్లు కోటగోడకు వీపు ఆనించుకుని ఉండేది. కోట కట్టినవాళ్ళు పోయారు, దాన్ని గెలిచినవాళ్ళూ పోయారు, ఊరికి గోడ మాత్రం మిగిలింది. ఆ ఇంటి వంటగదికి వెనక గోడంటూ వేరే లేదు, కోటరాయే గోడ. వానలు పట్టాయంటే ఆ రాయి చెమర్చి, ఉప్పు జాడీ నీరుకారేది. పాతకాలపు కట్టడం కాబట్టి దానికి మేకు కొట్టకూడదని మునిసిపాలిటీ నియమం. అందుకని ఆ వంటగదిలో గోడకు వేలాడే వస్తువు ఒక్కటీ ఉండేది కాదు. జల్లెడలు, చాటలు, గరిటెలు, దీపపు చిమ్నీలు అన్నీ కాళ్ళున్న బల్లల మీదే. వాటిని తుడవాలంటే రోజుకు వందసార్లు వంగాలి. చిన్నకోడలు ముప్ఫై ఎనిమిదేళ్ళు వంగింది.

పొద్దున్నే బావి దగ్గర నుంచి పదహారు బిందెల నీళ్ళు. తరవాత పొయ్యి. తరవాత తిరగలి. తొమ్మిది మంది తినే ఇంట్లో పిండి ఏ రోజుకారోజు విసరాల్సిందే, నిలవ పిండి అత్తగారికి పడదు. ఆ తిరగలి పైరాయి తిప్పీ తిప్పీ ఆవిడ ఎడమ భుజం నలభయ్యో ఏటికే అరిగిపోయింది. ఎడమ భుజమే ఎందుకంటే, ఆవిడది ఎడంచేతి వాటం. మధ్యాహ్నం బూడిదా పులుపూ కలిపి ఇత్తడి సామాను తోమడం. సాయంత్రం చిమ్నీలకు పట్టిన మసి తుడవడం. ఇంత పనిలో అత్తగారి వంతు తాళాలగుత్తి. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, కొట్టు గది తాళం తీసి, ఏ పూటకు కావలసింది ఆ పూటకు గిన్నెతో కొలిచి ఇచ్చేది. మిగతా పనంతా నోటితో చేసేది.

తోడికోడలు ఒకావిడ ఉండేది. మంచిదే కానీ ఆవిడకి ఆయాసం. పొగ తగిలితే ఊపిరాడదు, నీళ్ళలో చెయ్యి పెడితే జలుబు. "దాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వకే, ఏదైనా అయితే ఎవరు చూస్తారు?" అనేది అత్తగారు. పెద్దకొడుకు భార్య కదా మరి. చిన్నకోడలికి కూడా ఎప్పుడైనా ఆయాసం వస్తే బావుండుననిపించేది. రాలేదు. పుట్టుక అలాంటిది, రాయిలాంటి ఒళ్ళు.

పుట్టింటివాళ్ళు కంచర పనివాళ్ళు. తండ్రి రాగీ ఇత్తడీ సాగగొట్టి పాత్రలు చేసేవాడు, చిల్లులు పడినవాటికి మాట్లు వేసేవాడు. అత్తింటివాళ్ళది నాలుగు చదువులు చదివిన ఇల్లు, సంబంధం కలవడమే గొప్పని రెండువైపులా అనుకున్నారు. పెళ్ళయిన రెండో ఏడు అత్తగారు నీళ్ళు కాచే పాత కాగు అడుగు పోయిందని సాధించడం మొదలుపెట్టింది. "కంచరి ఇంటి పిల్లను తెచ్చుకుని ఏం లాభం, స్నానానికి వేణ్ణీళ్ళు లేవు" అని ఊరంతా చెప్పింది. ఆ మాట తండ్రి చెవిన పడింది. ఆయన నెల రోజులు మిగతా పనులు మానుకుని ఒక రాగి కాగు చేశాడు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే గానీ లేవనంత కాగు. దానితోపాటు ఒక పొడుగు కాడ గరిటె. మామూలుగా గరిటెలకు ముక్కు ఎడమవైపు పెడతారు, కుడిచేత్తో ముంచి లోపలికి వంచుకోవడానికి వీలుగా. ఈయన కుడివైపు పెట్టాడు. కూతురు ఎడంచేత్తో ముంచుకుంటుందని తండ్రికి తెలుసు.

తోపుడు బండి మీద పెట్టుకుని ఊరి ఆ చివర నుంచి రాతి వీధుల్లో తనే తోసుకొచ్చాడు. అత్తగారు ఆయన్ని పెరటి గుమ్మం దగ్గరే ఆపింది. కాగు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "అంచు వంకర పోయిందే" అంది. గరిటె చేతిలోకి తీసుకుని, "దీని మూతి ఇటు తిరిగిందేం?" అని అడిగింది. తండ్రి చెమట తుడుచుకుంటూ నవ్వాడు. కూతురు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేలోపు అత్తగారు, "బండి దారికి అడ్డంగా ఉంది" అని గుర్తుచేసింది. ఆయన నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు. తరవాత ఆ ఇంటికి మళ్ళీ రాలేదు.

చిన్నకోడలి భర్త తపాలా ఆఫీసులో గుమాస్తా. రోజంతా కాగితాల మీద ముద్రలు వేసి, సంతకాలు పెట్టి వచ్చేవాడు. చెడ్డవాడు కాదు. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. అలాగే మాట్లాడడు కూడా. తల్లి ఏదైనా అంటే బెల్లం కొట్టిన రాయి. అన్న ఏదైనా అంటే తల ఊపే రాయి. "మీరొక్క మాట అనొచ్చు కదా" అని కొత్తలో ఆవిడ అడిగేది. "పెద్దవాళ్ళు, పోనిద్దూ" అనేవాడు. కొన్నాళ్ళకు ఆవిడ అడగడం మానేసింది, ఆయన దాన్ని సర్దుకుపోవడం అనుకున్నాడు.

అత్తగారు ఎనభై నాలుగేళ్ళు బతికి పోయింది. బావగారు బడిపంతులుగా రిటైరై, ఊరి చరిత్ర రాయడం మొదలుపెట్టాడు. మాస్టారంటే ఊళ్ళో గౌరవం. ఏ బురుజు ఎవరు కట్టారో, ఏ రాయి మీద ఏముందో ఆయన్నే అడిగేవారు. కోట చూడ్డానికి పై ఊళ్ళవాళ్ళు రావడం ఎక్కువయ్యాక, పాత ధాన్యపు గిడ్డంగిని బాగుచేసి, వెనకటి ఇళ్ళలో వాడిన వస్తువులతో ఒక ప్రదర్శనశాల పెట్టాలని మునిసిపాలిటీవాళ్ళు నిర్ణయించారు. దానికి సలహాదారుగా మాస్టారు కాక ఇంకెవరు?

ఆ సంవత్సరమే చిన్నకోడలి కూతురికి కాన్పు. ఆవిడ రెండున్నర నెలలు కూతురి ఊళ్ళో ఉండి, మనవడి వేళ్ళు లెక్కపెట్టుకుని, సంతోషంగా తిరిగొచ్చింది. సంచీ కింద పెట్టి, చేతులు కడుక్కుని వంటగదిలోకి అడుగుపెట్టింది. కోటరాయి నిలువునా కనబడింది, ఇదివరకెప్పుడూ అంత కనబడలేదు. బల్లలు లేవు. తిరగలి లేదు. జాడీలు, చిమ్నీలు, బిందెలు లేవు. కాగు ఉన్నచోట నేల గుండ్రంగా తెల్లగా ఉంది. ఒక మూల కొత్త గ్యాసుపొయ్యి, స్టీలు గిన్నెలు, రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు.

బావగారు వెనకే వచ్చి నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మాయ్? నీకు పని తగ్గించాం."

"సామానంతా ఏది బావగారూ?"

"ప్రదర్శనశాలకు ఇచ్చేశాం. ఏ ఇంటిదీ అంత పూర్తిగా దొరకలేదట. వంటగది మొత్తం ఉన్నదున్నట్టుగా పెట్టారు. మన ఇంటి పేరు శాశ్వతంగా నిలుస్తుంది."

"నన్నొక మాట అడగాల్సింది."

"తిరగలి బరువు, భుజం నొప్పి అని ముప్ఫై ఏళ్ళు నువ్వేగా సణిగావు? తీసేస్తే ఇప్పుడు ఇదా?"

నిజమే, ఆ తిరగలి మీద ఆవిడకేం ప్రేమ లేదు. బిందెల మీద అంతకన్నా లేదు. స్టీలు గిన్నె ఎంత తేలిక. మర పిండితో చేసినా రుచి పెద్దగా తేడా లేదు, అత్తగారు లేదు కాబట్టి అనేవాళ్ళూ లేరు. వారం తిరిగేసరికి భుజం నొప్పి తగ్గింది కూడా. కాగు ఒక్కదాని కోసం మాత్రం మనసు పీకింది. కనీసం చూసొద్దామని ఒక మధ్యాహ్నం గిడ్డంగికి వెళ్ళింది. గుమ్మం దగ్గర టిక్కెట్టు కొనమన్నారు. కొంది.

నిజంగానే బాగా పెట్టారు. బల్లలు అదే వరసలో, జల్లెడలు అదే వరసలో. ముందు ఎర్రతాడు కట్టారు. తాడు పక్కన అత్తగారి ఫోటో, అద్దంలో, పెద్దది. కింద అట్ట మీద అచ్చు అక్షరాల్లో ఉంది: "యాభై ఏళ్ళ పాటు ఈ వంటగదిని ఒంటిచేత్తో నడిపిన ఇల్లాలు."

ఒంటిచేత్తోనన్న మాట నిజమేననుకుంది చిన్నకోడలు. తాళాలగుత్తి పట్టుకోవడానికి రెండో చెయ్యి అక్కర్లేదు.

కాగు దగ్గర ఇంకో అట్ట: "ఈ ఇంటి పెద్దాయన రేవుపట్నం నుంచి ఓడలో తెప్పించిన రాగి కాగు. సుమారు నూట ఇరవై ఏళ్ళ నాటిది." దాని మీదే గరిటె అడ్డంగా పెట్టారు.

ఆవిడ చాలాసేపు అక్కడే నిలబడింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి ఫోటో చూసి, "ఎంత ఓపికో మహాతల్లికి" అనుకుంటూ పోయారు. అప్పుడు చిన్నకోడలు నేరుగా అధికారి గదిలోకి వెళ్ళింది.

అధికారి నలభై ఏళ్ళ మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఆ వంటగది నాదండీ. ఆ కాగు మా నాన్న చేశాడు. ఓడలో రాలేదు, తోపుడు బండి మీద వచ్చింది."

"మాస్టారు రాసిచ్చిన వివరాలమ్మా అవి. మీరు వాళ్ళ మరదలు కదూ? మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా? రసీదు, ఉత్తరం, అలాంటిది?"

"నాన్న కూతురికి రసీదు ఇస్తాడాండీ?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. ఆవిడ ఆయన్ని లేపి తీసుకెళ్ళింది. తాడు ఎత్తించి, గరిటె చేతికిచ్చి, "కుడిచేత్తో ముంచి వంచండి" అంది. ఆయన ముంచినట్టు చేసి వంచబోయాడు. ముక్కు అవతలి వైపుకు ఉంది, మణికట్టు మెలి తిరిగింది. చెయ్యి మార్చి ఎడంచేత్తో వంచాడు. సాఫీగా ఒరిగింది.

"మా అత్తగారిది కుడిచేతి వాటం. నాది ఎడమ. ఇందుకు కూడా నన్ను చాలా తిట్టేది" అంది చిన్నకోడలు.

అధికారి నిజాయితీపరుడే. మర్నాడు సాయంత్రం స్వయంగా ఇంటికి వచ్చాడు. బావగారు, తోడికోడలు, చిన్నకోడలి భర్త అందరూ ముందుగదిలో ఉన్నారు. సంగతి విని బావగారు కోప్పడలేదు. జాలిగా నవ్వాడు.

"వయసు మీద పడుతోంది సార్. కూతురి దగ్గర నుంచి వచ్చినప్పటి నుంచీ కొంచెం అయోమయంగా ఉంటోంది. పాత గరిటె సొట్టపోతే వీళ్ళ నాన్న మాటు వేసి ఉంటాడు, అది ఇలా గుర్తుండిపోయింది. మా అమ్మకు రెండు చేతులూ ఆడేవి."

"అక్కా, మీరు చెప్పండి" అంది చిన్నకోడలు తోడికోడలి వైపు తిరిగి.

తోడికోడలు దగ్గింది. దగ్గుతూనే లేచి లోపలికి వెళ్ళింది.

బావగారు తమ్ముడి వైపు చూశాడు. "ఒరేయ్, అమ్మ ఏ చేత్తో వడ్డించేదిరా?"

చిన్నకోడలు భర్తకేసి చూసింది. ఆ గదిలో అంత సులువైన ప్రశ్న ఇంకొకటి లేదు. అమ్మ ఏ చేత్తోనూ వడ్డించేది కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆయన కంచంలోకి వచ్చిన ప్రతి ముద్దా ఒకే ఎడంచేతి నుంచి వచ్చింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాడు.

"గుర్తులేదన్నయ్యా" అన్నాడు.

అధికారి లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అట్టలు అలాగే ఉన్నాయి. ఆ మరుసటేడు బావగారి పుస్తకం అచ్చయింది. అందులో వంటగది గురించి ఏడు పేజీలు, అత్తగారి ఓపిక గురించి రెండు పేజీలు. సొమ్మొకడిది, సోకొకడిది. ఊళ్ళో మాత్రం చిన్నకోడలికి మతి సరిగా లేదన్న మాట నెమ్మదిగా పాకింది. పాలవాడు లెక్క రెండుసార్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ ఏదైనా గట్టిగా అంటే పక్కింటావిడ "సరేలెండి, సరేలెండి" అనేది, చిన్నపిల్లలతో అన్నట్టు.

భర్తతో ఆవిడ పోట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "గుర్తులేదా?" అని మాత్రం అడిగింది. ఆయన పేపరు మడతపెట్టి, "పదిమందిలో అన్నయ్యను అబద్ధాలకోరును చెయ్యమంటావా? ఒక అట్టముక్క కోసం?" అన్నాడు. "నన్ను పిచ్చిదాన్ని చేస్తే ఫరవాలేదన్నమాట" అంది. ఆయన పేపరు మళ్ళీ విప్పాడు.

అలా ఆరేళ్ళు గడిచాయి. మాస్టారు పక్షవాతం వచ్చి పోయాడు. ఊరంతా కదిలి వచ్చింది, ఉపన్యాసాలు అయ్యాయి. ఆ తరవాత రెండు నెలలకు, ఒక పొద్దున, చిన్నకోడలి భర్త ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"పద. ప్రదర్శనశాలకు వెళ్ళి చెప్దాం. ఆ అట్టలు మార్పిద్దాం."

ఆవిడ కూరలు తరుగుతోంది. "ఇప్పుడెందుకు?"

"అప్పుడు చెప్పలేకపోయాను. మనసులో ఉండిపోయింది. నాకు మాత్రం బాధ ఉండదా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అయినా ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి లేచింది. ఆయన తనంతట తాను ఒక మాట ఆడతాననడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి. దారిలో రాతిమెట్ల దగ్గర ఆయన చెయ్యి అందిస్తే పట్టుకుంది కూడా.

పాత అధికారికి బదిలీ అయింది. ఆ కుర్చీలో ఇప్పుడొక చిన్నవయసు అమ్మాయి ఉంది. శ్రద్ధగా విన్నది. ఆయన తడబడకుండా అంతా చెప్పాడు. వంటగది నడిపింది భార్యేనని, కాగు మావగారు చేసిందేనని, అమ్మ కుడిచేతి మనిషేనని చెప్పాడు. ముసలితనంలోనైనా మనిషి మారాడనుకుంది చిన్నకోడలు.

ఆ అమ్మాయి బీరువాలోంచి ఫైలు తీసింది. కాగితాలు తిప్పి ఒకచోట ఆగింది.

"మీ వివరాలకీ దీనికీ పొంతన లేదండీ. వస్తువులు ఇచ్చినప్పుడు రాసిచ్చిన పత్రం ఇది. వాడింది మీ అమ్మగారనీ, కాగు మీ తాతగారిదనీ ఇందులోనే ఉంది. ఇద్దరు అన్నదమ్ములూ సంతకాలు పెట్టారు. ఈ రెండోది మీదే కదా?"

చిన్నకోడలు కాగితం మీదికి వంగి చూసింది. భర్త సంతకం ఆవిడకు తెలుసు. చివర కొక్కెంలా వంచి, కింద రెండు చుక్కలు పెడతాడు. తారీఖు చూసింది. తను కూతురి కాన్పుకని బయల్దేరిన మూడో రోజు.

"మీరూ పెట్టారా?" అంది.

"అన్నయ్య పెట్టమన్నాడు, పెట్టాను. చదవలేదు."

"ఆ సాయంత్రం ఆ అధికారి మనింటికి వచ్చినప్పుడు కూడా, సంతకం పెట్టిన మాట గుర్తులేదా?"

ఆయన బల్ల మీది ముద్ర స్టాంపును కొంచెం పక్కకు జరిపాడు. ఆ అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా చెప్పింది. "మీరు మళ్ళీ చేత్తో రాసిస్తే మార్చే వీలుందండీ. కాకపోతే మాస్టారి తరఫున వాళ్ళ ఆవిడ కూడా ఒప్పుకోవాలి. పుస్తకం ఆయనది కదా."

ఆయన అక్కడే కూర్చుని రెండు పేజీలు రాసిచ్చాడు. ప్రదర్శనశాల నుంచి తోడికోడలి దగ్గరికి మనిషి వెళ్ళాడు. పోయినవాళ్ళ మాట అబద్ధం చెయ్యలేనని ఆవిడ అన్నదట. చాలాసేపు దగ్గి, "అయితే ఆడవాళ్ళందరం కష్టపడ్డాం, అలా రాసుకోండి" అన్నదట.

నెల తరవాత కొత్త అట్టలు వచ్చాయి. భర్త ముందుగా వెళ్ళి చూసొచ్చి, సంబరంగా చెప్పాడు. "మార్చేశారు. 'ఈ ఇంటి ఆడవాళ్ళు తరతరాలుగా నడిపిన వంటగది' అని పెట్టారు. కాగు కింద 'స్థానిక కంచరి పనితనం' అని ఉంది."

"పేరు?"

"ఎవరి పేరూ వెయ్యలేదు. గొడవ లేకుండా ఉంటుందని."

"ఫోటో?"

"ఫోటో ఒక్కటే ఉంది కదా మన దగ్గర, అమ్మదే. అది ఉంచారు." ఆవిడ మొహం చూసి, "ఇంతకన్నా ఏం చెయ్యమంటావు? రాసిచ్చానా లేదా?" అన్నాడు.

"ఇచ్చారు" అంది చిన్నకోడలు.

ఆ పూట ఆవిడ కంచం ఒకటే తీసింది. తన వరకు వడ్డించుకుని, పొయ్యి పక్కన కూర్చుని, తొందరపడకుండా తిన్నది. పెళ్ళయిన నలభై అయిదేళ్ళలో భర్తకంటే ముందు తినడం అదే మొదలు. ఆయన గుమ్మంలో కాసేపు నిలబడి చూశాడు.

"నాకు పెట్టవా?"

"గిన్నెలో ఉంది. గరిటె అక్కడే ఉంది. పెట్టుకోండి. తిన్నాక కంచం కడిగి బోర్లించండి."

ఆయన పెట్టుకున్నాడు. కడిగాడు కూడా, అంచున మెతుకు మిగిలిపోయేలా. ఆవిడ దాన్ని మళ్ళీ కడగలేదు. ముసలితనంలో మొగుడిచేత అంట్లు తోమిస్తోందని, ముందే మతి లేని మనిషని వీధిలో అనుకున్నారు. ఆవిడ చెవిన పడింది. పడనిచ్చింది. ఆయన పోయేదాకా, ఇంకో తొమ్మిదేళ్ళు, ఆ ఇంట్లో ఎవరి కంచం వాళ్ళే కడుక్కున్నారు.